డేకేర్‌ని మధ్యాహ్నం పూట చూడండి: చంటిపిల్లల తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్‌లో కొండాపూర్ వెళ్లినా, మియాపూర్ వెళ్లినా, ఉప్పల్ వెళ్లినా వీధికో ప్లేస్కూల్ కనిపిస్తుంది. ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, గోడల మీద ఏనుగు, జిరాఫీ బొమ్మలు వేయించి, గేటుకి రంగుల బోర్డు కడితే స్కూల్ తయారు. వీటిలో నిజంగా మంచివి ఉన్నాయి. గోడ మీది బొమ్మలు తప్ప ఇంకేమీ లేనివీ ఉన్నాయి. రోడ్డు మీద నిలబడి చూస్తే తేడా తెలియదు. ప్రైవేటు డేకేర్లకు దేశమంతటా వర్తించే ఒకే లైసెన్సు చట్టం లేదు కాబట్టి, ఎవరో వచ్చి తనిఖీ చేసే ఉంటారులే అని ధీమాగా ఉండలేం. అమెరికాలో ఉన్న మనవాళ్లకి టెక్సస్ లాంటి రాష్ట్రాల్లో డేకేర్ పేరు కొడితే ప్రభుత్వ తనిఖీ నివేదికలు ఆన్‌లైన్లోనే దొరుకుతాయి. ఇక్కడ ఆ పని మనమే చేసుకోవాలి.

చాలామంది పొద్దున పదకొండింటికి వెళ్తారు. అప్పుడు పిల్లలు శుభ్రంగా ఉంటారు, మిస్ పాట పాడిస్తూ ఉంటుంది, ఆఫీసు గదిలో ఏసీ ఉంటుంది. కానీ మీ బిడ్డ అక్కడ ఉండేది తొమ్మిది నుంచి ఆరు దాకా. అందులో పాటలు, రంగులు, కథలు రెండు మూడు గంటలు. మిగతాదంతా అన్నం, నిద్ర, డైపర్, ఏడుపు, అమ్మ కోసం ఎదురుచూపు. ఆ గంటలు ఎవరి చేతుల మీదుగా నడుస్తాయో చూసి నిర్ణయం తీసుకోండి. కింద రాసిన మెట్లన్నీ దాని కోసమే.

1. ముందు మీకేం కావాలో తేల్చుకోండి

డేకేర్ అంటే రోజంతా పిల్లల్ని చూసుకునే చోటు. ప్లేస్కూల్ అంటే మూడు నాలుగు గంటల ఆటల బడి. ఇప్పుడు చాలాచోట్ల రెండూ కలిపి నడుపుతున్నారు. పొద్దున ప్లేస్కూల్, మధ్యాహ్నం నుంచి అదే ఇంట్లో డేకేర్. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ప్రిన్సిపాల్ మీకు పరిచయం చేసే టీచర్లు చాలాచోట్ల మధ్యాహ్నం ఒంటి గంటకల్లా ఇంటికి వెళ్లిపోతారు. ఆ తర్వాత ఉండేది ఆయమ్మలే.

ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు. అందులో ఎనిమిది వారాల వరకు కాన్పుకి ముందే వాడుకోవచ్చు. అంటే తల్లి ఆఫీసుకి వెళ్లేనాటికి బిడ్డకి సుమారు నాలుగు నెలల నుంచి ఆరు నెలల వయసు ఉంటుంది. ఆ వయసు బిడ్డకి ప్లేస్కూల్ పేరు, కరిక్యులమ్ అక్కర్లేదు. ఎత్తుకునే మనిషి కావాలి. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాల ప్రకారం ప్లేస్కూల్లో మూడేళ్లు నిండని పిల్లల్ని చేర్చుకోకూడదు కూడా. ఏడాదిన్నరకే 'ప్రీ-నర్సరీ' సీటు అయిపోతుందని తొందరపెట్టే కౌన్సెలర్ మాటకి టెన్షన్ పడకండి.

మీ ఆఫీసులో 50 మందో అంతకన్నా ఎక్కువమందో పనిచేస్తుంటే క్రెష్ (ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే చోటు) సదుపాయం కల్పించడం యాజమాన్యం బాధ్యత. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసి రావచ్చు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణలో వచ్చిన హక్కు ఇది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది. హెచ్‌ఆర్‌ని నోటిమాటగా కాకుండా మెయిల్‌లో అడగండి. కొన్ని కంపెనీలు బయటి డేకేర్‌తో ఒప్పందం పెట్టుకుని ఫీజులో కొంత భరిస్తాయి. అడగనిదే ఆ సంగతి ఎవరూ చెప్పరు.

అంగన్‌వాడీని మధ్యతరగతి వాళ్లు లెక్కలోకే తీసుకోరు. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి పథకం) కింద నడిచే ఈ కేంద్రాల్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి ఆటపాటల చదువు, వేడి భోజనం ఉచితం. రోజంతా ఉంచుకోరు కాబట్టి ఇద్దరూ ఉద్యోగస్తులైతే కుదరకపోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లుండి, వీధి చివర మంచి టీచరున్న అంగన్‌వాడీ ఉంటే మాత్రం ఒకసారి వెళ్లి చూడండి.

ఇక అమ్మమ్మ, నానమ్మ సంగతి. ఇంట్లో వాళ్లుంటే డేకేర్ ఎందుకని బంధువులు అంటారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఏడాదిన్నర పిల్లాడి వెనక రోజంతా పరుగెత్తలేదు, ఆ మాట కొడుకుతోనో కూతురితోనో చెప్పుకోలేదు. పొద్దున పూట డేకేర్, మధ్యాహ్నం నుంచి ఇల్లు అనే పద్ధతి ఇద్దరికీ హాయి.

2. ఇంటి దగ్గరా, ఆఫీసు దగ్గరా?

పాలు తాగే బిడ్డ అయితే ఆఫీసు దగ్గర. కాస్త పెద్దయ్యాక ఇంటి దగ్గర. ఇంటి దగ్గరైతే మీకు ఆలస్యమైన రోజు తాతయ్యో పక్కింటి ఆంటీయో వెళ్లి తెచ్చుకోగలరు. ఇంటి నుంచి పనిచేసే రోజు బిడ్డని దింపడానికి ఆఫీసు దాకా పరుగెత్తక్కర్లేదు.

దూరాన్ని కిలోమీటర్లలో కొలవకండి. వాన పడిన సాయంత్రం ఐటీ ఆఫీసులుండే మైండ్‌స్పేస్ జంక్షన్ నుంచి బయటపడటానికి పట్టే టైముతో కొలవండి. డేకేర్ ఆరున్నరకి మూసేస్తే, మీరు మామూలు రోజున ఆరుకల్లా చేరగలిగేలా ఉండాలి. ఆలస్యమైతే చాలాచోట్ల అదనపు ఫీజు వేస్తారు. ఫీజు సంగతి అటుంచండి, ఇంటికి వెళ్లాల్సిన ఆయమ్మ గడియారం చూస్తూ మీ బిడ్డతో కూర్చుని ఉంటుంది. అది రోజూ జరిగితే ఆ చిరాకు ఎటు పోతుందో ఊహించుకోండి.

3. ఎప్పుడు చేర్చాలి

అందరూ జూన్‌లో చేరుస్తారు. తెలంగాణలో బడులు తెరిచేది జూన్ 12న. అదే వారంలో పదిహేను మంది కొత్త పిల్లలు ఒకేసారి ఏడుస్తుంటారు, ఆయమ్మలు కూడా కొత్తవాళ్లై ఉండొచ్చు, వానాకాలం జ్వరాలూ అప్పుడే మొదలవుతాయి. డేకేర్‌కి విద్యా సంవత్సరంతో పని లేదు. ఫిబ్రవరిలోనో మార్చిలోనో చేర్చగలిగితే బిడ్డని పట్టించుకునే తీరిక వాళ్లకి ఉంటుంది. మీ సెలవు పూర్తవడానికి కనీసం మూడు వారాల ముందు మొదలుపెట్టండి.

4. ఫోన్‌లోనే సగం వడపోయండి

పది చోట్లకి తిరిగే ఓపిక ఎవరికీ ఉండదు. ముందు ఫోన్ చేసి ఇవి అడగండి: "సాయంత్రం ఐదు తర్వాత ఎంతమంది పిల్లలుంటారండీ? వాళ్లతో ఎవరుంటారు? శనివారం, వేసవి సెలవుల్లో, దసరా సెలవుల్లో డేకేర్ తెరిచే ఉంటుందా? అన్నం మేం పంపాలా, మీరు వండుతారా? పగటిపూట చెప్పకుండా వచ్చి చూడొచ్చా?"

ఆఖరి ప్రశ్న ముఖ్యం. పిల్లలు బెదురుతారు కాబట్టి తరగతి గదిలోకి రావద్దంటే సబబే. కిటికీ దగ్గర నుంచో, వరండా నుంచో చూడటానికి కూడా అపాయింట్‌మెంట్ కావాలంటే ఆ పేరు అక్కడే కొట్టేయండి.

5. మొదటిసారి వెళ్లినప్పుడు ఇల్లు చూడండి

ఇవి బడి కోసం కట్టిన భవనాలు కావు, కాపురాల కోసం కట్టిన ఇళ్లు. అందుకే ప్రమాదాలు కూడా ఇంటి ప్రమాదాలే. అన్నిటికన్నా ముందు సంపు ఎక్కడుందో అడగండి. హైదరాబాద్ ఇళ్లలో అది గేటు పక్కనో, పిల్లలు సైకిల్ తొక్కే చోటో ఉంటుంది. మూత ఇనుముదై, తాళం వేసి ఉండాలి. రేకు ముక్క కప్పి, పైన ఇటుక పెట్టి ఉంటే ఇంక మిగతావి చూడక్కర్లేదు, వచ్చేయండి.

బాత్‌రూమ్‌లో బకెట్లు నీళ్లతో నింపి ఉన్నాయా చూడండి. తప్పటడుగుల పిల్లలకి అర బకెట్ నీళ్లు కూడా ప్రమాదమే. మెట్లకి గేటు, బాల్కనీకి గ్రిల్, చేతికందే ప్లగ్‌లకి మూతలు, వంటగదికి తలుపు ఉండాలి. మూడేళ్లలోపు పిల్లల్ని కింది అంతస్తులోనే ఉంచడం మంచిది. పై అంతస్తులో ఉంటే, అగ్గి పుడితే దిగడానికి రెండో దారి ఏదని అడగండి. వీధి గేటు గొళ్లెం పిల్లలకి అందని ఎత్తులో ఉండాలి, అక్కడ ఒక మనిషి ఉండాలి.

సీసీ కెమెరాల గురించి నా అభిప్రాయం: ఉండాలి, కానీ వాటిని చూసి నిశ్చింతగా ఉండకూడదు. డైపర్ మార్చే చోటు, స్నానాల గది కెమెరాలో ఉండవు, ఉండకూడదు కూడా. అక్కడ ఎవరు ఉంటారు, ఒక్కరే ఉంటారా, తలుపు వేసుకుంటారా అన్నవి నోటితో అడగాల్సిన ప్రశ్నలు. ఫోన్‌లో లైవ్ చూపిస్తామంటే, ఆ వీడియో ఇంకెవరెవరు చూడగలరో అడగండి. మీ బిడ్డని తరగతిలోని పిల్లలందరి తల్లిదండ్రులూ చూస్తుంటారన్నమాట.

6. రెండోసారి మధ్యాహ్నం వెళ్లండి

పన్నెండున్నర నుంచి మూడు మధ్యలో వెళ్లండి. ఇంకో రోజు సాయంత్రం ఐదున్నరకి వెళ్లండి. వీలుంటే అరగంట కూర్చోండి.

అన్నం తినిపించడం చూస్తే ఆ చోటు గురించి చాలావరకు తెలిసిపోతుంది. ఒకే చెంచాతో నలుగురికీ వరసగా పెడుతున్నారా? ముద్ద మింగక ముందే ఇంకో ముద్ద కుక్కుతున్నారా? వద్దని తల తిప్పిన పిల్లాడిని కాసేపు వదిలి మళ్లీ అడుగుతున్నారా, ముక్కు మూసి పెడుతున్నారా? చేతిలో ఫోన్ పెట్టి తినిపిస్తుంటే, రోజూ అంతేనని అనుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచన ప్రకారం రెండేళ్లలోపు పిల్లలకి స్క్రీన్ అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి గంటకి మించకూడదు. డేకేర్‌లో గోడకి పెద్ద టీవీ ఉంటే, అది ఏయే వేళల్లో ఆడుతుందో ఆయమ్మని అడగండి. ప్రిన్సిపాల్ చెప్పే జవాబు వేరేగా ఉండొచ్చు.

వండి పెట్టే చోటైతే ఆ రోజు గిన్నెలో ఏముందో చూడండి, గోడ మీద అంటించిన మెనూ కాదు. పప్పన్నం, పెరుగన్నం, ఉడకబెట్టిన కూర ఉంటే చాలు. చిన్నపిల్లలకి వేరుశనగ గింజలు, శనగలు, కోయని ద్రాక్షపళ్లు పెడుతుంటే వాళ్లకి గొంతులో అడ్డుపడే ప్రమాదం గురించి తెలియదన్నమాట.

తర్వాత నిద్ర. పిల్లలందరూ ఒంటిగంటన్నరకి ఒకే క్షణంలో పడుకున్నారంటే నాకైతే అనుమానం వస్తుంది. ఎవరో ఒకరు దొర్లుతుంటారు, ఎవరో ఒకరు లేచి కూర్చుంటారు. అలా నిద్రపట్టని పిల్లని ఏం చేస్తున్నారో చూడండి. పక్కన కూర్చోబెట్టి బొమ్మ ఇస్తున్నారా, "కళ్లు మూసుకో" అని గదమాయిస్తున్నారా? ఏడాది నిండని బిడ్డల్ని వెల్లకిలా పడుకోబెట్టాలి, మెత్తటి దిండ్లు, బరువైన దుప్పట్లు ఉండకూడదు. నిద్రపోయే గదిలో ఒక మనిషి మెలకువగా ఉండాలి. ఆయమ్మలు కూడా అదే గదిలో కునుకు తీస్తుంటే వాళ్ల తప్పేం లేదు, పొద్దున ఏడింటికి వచ్చిన మనుషులు. తప్పు వాళ్లకి బదులు మనిషిని పెట్టని యజమానిది.

డైపర్ మార్చాక చేతులు కడుక్కుంటున్నారా? పక్కనే సబ్బు, నీళ్లు ఉన్నాయా? వాసన కప్పడానికి రూమ్ ఫ్రెషనర్ గుప్పున కొడుతుంటే దాని కింద ఏముందో చూడండి.

సాయంత్రం వెళ్లినప్పుడు పిల్లల మొహాలు చూడండి. అలసిపోయి ఉంటారు, సహజమే. ఎవరైనా ఏడుస్తుంటే ఆయమ్మ ఎంతసేపటికి లేచి వెళ్తుందో గమనించండి. పిల్లలు ఆమె దగ్గరికి వాళ్లంతట వాళ్లే వెళ్లి ఒళ్లో కూర్చుంటున్నారా? నేను ఒక్కటే చూసి ఎంచుకోవాల్సి వస్తే దీన్ని చూస్తాను.

7. ఆయమ్మతో మాట్లాడండి

ప్రిన్సిపాల్ మేడమ్ అనుమతి తీసుకునే, ఆమె పక్కన లేనప్పుడు మాట్లాడండి. "ఎన్నేళ్ల నుంచి చేస్తున్నారమ్మా? మీ దగ్గర ఎంతమంది పిల్లలుంటారు? మీరు సెలవు పెడితే ఎవరు చూస్తారు?" చాలు, ఇంటర్వ్యూలా ఉండకూడదు. రెండు మూడేళ్లుగా అదే చోట ఉన్న ఆయమ్మలు ఇద్దరున్నారంటే ఆ యజమాని జీతం సరిగా ఇస్తున్నారని, మనిషిని మనిషిలా చూస్తున్నారని అర్థం. నెలనెలా ఆయమ్మ మారే చోట బిడ్డ నెలనెలా కొత్తగా అలవాటు పడాలి.

బాలల హక్కుల కమిషన్ ప్లేస్కూళ్లకి చెప్పిన లెక్క ఇరవైమంది పిల్లలకి ఒక టీచరు, ఒక సంరక్షకురాలు. అది మూడేళ్లు దాటినవాళ్లకి. రెండేళ్లలోపు పిల్లల విషయంలో ఒక ఆయమ్మకి నలుగురు దాటితే చూసుకోవడం కష్టమని నా అభిప్రాయం. నలుగురు ఒకేసారి ఏడిస్తే ఆమెకి ఉన్నవి రెండు చేతులే.

భాష కూడా చూసుకోండి. ఇంట్లో తెలుగే వినే పిల్ల "సుస్సు" అంటే, "బువ్వ" అంటే అక్కడ అర్థమయ్యే మనిషి ఉండాలి. తరగతిలో ఇంగ్లీషు చెప్పుకోనివ్వండి, ఆకలి, కడుపునొప్పి మాత్రం ఇంటి మాటలోనే వస్తాయి. మీ పిల్లలు వాడే సొంత మాటలు ఒక కాగితం మీద రాసి మొదటి రోజే ఆయమ్మకి చదివి వినిపించండి.

8. చదువు గురించి ఎంత పట్టించుకోవాలి

తక్కువ. జాతీయ విద్యా విధానం 2020 మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసుని ఒకే పునాది దశగా చూసింది, ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలంది. 2022లో వచ్చిన పునాది దశ పాఠ్య ప్రణాళిక ఆటే చదువు అని, వీలైనంత వరకు మాతృభాషలో చెప్పాలని అంటోంది. మూడేళ్ల పిల్లకి నాలుగు గీతల కాపీ పుస్తకం, హోమ్‌వర్క్ ఇచ్చే స్కూల్ మీ ఆత్రుతని అమ్ముకుంటోంది. శ్రీపంచమి రోజు అక్షరాభ్యాసం ముచ్చటగా చేసుకోండి, కానీ పలక మీద దిద్దడం మర్నాటి నుంచే రావాలని లేదు.

మాంటిస్సోరి (పిల్లలు సామానుతో సొంతంగా ఆడుతూ నేర్చుకునే పద్ధతి) అని బోర్డు ఉంటే, అరల్లో సామాను పిల్లలకి అందే ఎత్తులో ఉందా, వాళ్లంతట వాళ్లు తీసి ఆడుకుంటున్నారా చూడండి. గాజు బీరువాలో తాళం వేసి ఉంటే ఆ పేరు బోర్డు కోసమే. ఇసుక, నీళ్లు, మట్టి, పరిగెత్తడానికి కాస్త ఖాళీ స్థలం ఉంటే రంగుల వర్క్‌బుక్స్ సెట్టు కన్నా నయం.

9. ఫీజు, కాగితాలు

నెల ఫీజు ఎంతని మాత్రమే అడిగితే సగం తెలుస్తుంది. అడ్మిషన్ ఫీజు, ఏటా కట్టే ఫీజు, కిట్, యూనిఫామ్, ఫంక్షన్ల డబ్బులు, డిపాజిట్ అన్నీ కలిపి ఏడాదికి ఎంతవుతుందో ఒక కాగితం మీద రాసివ్వమనండి. ప్లేస్కూళ్లు ఫీజు నెలకోసారో, మూడు నెలలకోసారో తీసుకోవాలని కమిషన్ మార్గదర్శకాల్లో ఉంది. ఏడాది మొత్తం ముందే కడితే డిస్కౌంట్ అంటారు. కొత్త చోట ఆ ఆశకి పోవద్దు. బిడ్డ ఇమడకపోయినా కట్టిన డబ్బు చూసి మీరు ఆగిపోతారు. మధ్యలో మానేస్తే ఏం తిరిగిస్తారో, ఎన్ని రోజుల ముందు చెప్పాలో రాతలో తీసుకోండి.

బిడ్డని తీసుకెళ్లడానికి ఎవరికి అనుమతి ఉందో ఫొటోలతో సహా వాళ్ల దగ్గర ఉండాలి. కొత్త మనిషి వస్తే మీకు ఫోన్ చేయాలి. మీరే ఒకసారి బిడ్డ బాబాయిని చెప్పకుండా పంపి చూడండి. బిడ్డని ఇచ్చేస్తే అక్కడ చేర్చొద్దు.

టీకాల కార్డు అడగని డేకేర్, జ్వరమొచ్చిన పిల్లని కూడా తీసుకునే డేకేర్ మీకు వెసులుబాటుగానే అనిపిస్తుంది. పక్క పిల్లలకీ అదే వెసులుబాటు ఉంటుందని మరిచిపోకండి. మందు ఏదైనా మీరు రాసిచ్చిన మోతాదులో తప్ప ఇవ్వకూడదని, పడని పదార్థాలేవైనా ఉంటే అవి కూడా రాసివ్వండి.

10. మొదటి నెల

మొదటి మూడు రోజులు గంటసేపు, మీరు అక్కడే ఉండి. తర్వాత గంటన్నర, మీరు గేటు బయట. ఆపైన అన్నం దాకా, చివరికి నిద్ర దాకా. వారం పట్టే పిల్లలున్నారు, నెల పట్టే పిల్లలూ ఉన్నారు. పది నుంచి పద్దెనిమిది నెలల మధ్య అమ్మని వదలడం అన్నిటికన్నా కష్టం, ఆ వయసులో చేరుస్తుంటే ఇంకాస్త టైమివ్వండి.

వెళ్లేటప్పుడు బిడ్డ చూడకుండా జారుకోమని పెద్దవాళ్లు చెబుతారు, కొందరు టీచర్లు కూడా చెబుతారు. అలా చేస్తే అమ్మ ఏ క్షణంలోనైనా మాయమైపోతుందని బిడ్డకి భయం పట్టుకుంటుంది. "అమ్మ ఆఫీసుకెళ్లి, నువ్వు పాలు తాగాక వస్తుంది" అని చెప్పి, ముద్దుపెట్టి, వెనక్కి తిరగకుండా వెళ్లిపోండి. ఏడుస్తారు. మీరు గేటు దాటాక ఎంతసేపటికి ఆపారో ఆయమ్మని అడగండి. మొదట అరగంట ఏడ్చే పిల్ల రెండో వారానికి ఐదు నిమిషాల్లో సర్దుకుంటే దారిలో పడ్డట్టే.

జలుబులు, జ్వరాలు ఎలాగూ వస్తాయి. మొదటి ఏడాది తరచుగా వస్తాయి. వానాకాలంలో చేతులు, కాళ్లు, నోట్లో పొక్కులతో వచ్చే హ్యాండ్ ఫుట్ మౌత్ జబ్బు ప్లేస్కూళ్లలో మామూలే. చాలామందికి వారం పది రోజుల్లో తగ్గిపోతుంది, కానీ ఆ రోజులు బిడ్డ ఇంట్లోనే ఉండాలి. కాబట్టి భార్యాభర్తలిద్దరూ ముందే కూర్చుని ఆ సెలవులు ఎవరెన్ని పెట్టాలో పంచుకోండి. ఎప్పుడూ అమ్మే పెట్టాలన్న రూలేం లేదు.

11. చేర్చాక కూడా చూస్తూ ఉండండి

నెలకోసారి అనుకోని టైములో వెళ్లండి. మాటలొచ్చిన పిల్లని "ఇవాళ ఏం నేర్పించారు?" అని కాకుండా "ఇవాళ ఎవరు అన్నం తినిపించారు? ఎవరు ఏడ్చారు? ఏడిస్తే ఆయమ్మ ఏం చేసింది?" అని అడగండి. పక్క పిల్లాడి గురించి అడిగితే పిల్లలు బోలెడు చెబుతారు.

కుదుటపడిన పిల్ల ఉన్నట్టుండి వెళ్లనని మొండికేసినా, ఒక మనిషి పేరు చెబితే బిగుసుకుపోయినా, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా తేలిగ్గా తీసుకోకండి. ఒంటి మీద దెబ్బ కనిపిస్తే ఫొటో తీసి, అదే రోజు వెళ్లి కెమెరా రికార్డింగ్ చూపించమనండి. చాలాచోట్ల కొద్దిరోజులకే పాతవి చెరిగిపోతాయి, రేపు చూద్దాం అనుకుంటే ఉండదు. కొట్టారనో, ఇంకేదైనా జరిగిందనో అనుమానం ఉంటే యాజమాన్యంతో రాజీ మాటలకి కూర్చోకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ, 112కి గానీ ఫోన్ చేయండి.

ఇంత పెద్ద కారణం లేకుండానే మీకు అక్కడ నచ్చకపోవచ్చు. ఆయమ్మ మానేసి ఉంటుంది, పిల్లలు ఎక్కువై ఉంటారు. అప్పుడు మార్చేయండి. రెండో ఎంపికగా అనుకున్న డేకేర్ నంబర్ మొదటినుంచీ ఫోన్‌లో ఉంచుకుంటే మంచిది. కొత్త చోట ఒక వారం సర్దుబాటు పూర్తయ్యాకే పాతచోట మానేస్తున్నామని చెప్పండి, డిపాజిట్ తిరిగి తీసుకోవడానికి, చేర్చేటప్పుడు వాళ్లు రాసిచ్చిన షరతుల కాగితం వెంట తీసుకెళ్లండి.